ముళ్ళతీగ ఎవరు కోశారు

సినూ నది ఒడ్డున కాన్యో తిగ్రే అనే ఊళ్ళో ఎనేయిదా బట్టలు కుట్టి బతికేది. స్కూలు యూనిఫారాలు, పెళ్ళి గౌన్లు, పోయినవాళ్ళకు తొడిగే తెల్లచొక్కాలు, ఏదడిగితే అది కుట్టేది. కానీ ఊళ్ళో ఆమెకు గుర్తింపు కుట్టుపని వల్ల రాలేదు. అందరూ ఆమెను “ఉబాల్దీనో కూతురు” అనేవారు. ఉబాల్దీనో పేరు వినని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఎందుకంటే ఆయన పుస్తకంలో ఉన్నాడు.

ఆ పుస్తకం రాసింది డాక్టర్ లిసరాసో. ఎనేయిదా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన రాజధాని బొగొతా నుంచి, ఆ చలికొండల మీది యూనివర్సిటీ నుంచి ఆ ఎండలోకి దిగాడు. ముఖం ఉడికించిన పీతలా ఎర్రబడిపోయింది. డాక్టర్ వచ్చాడని తెలిసి తోమాసా అనే ముసలమ్మ కుంటుకుంటూ వెళ్ళి పాదం మీది పుండు చూపించింది.

“నేను మందుల డాక్టర్ని కాదమ్మా, సమాజం గురించి చదువుకున్నవాణ్ణి” అన్నాడాయన.

“మంచిదే నాయనా, నేనూ సమాజంలోదాన్నే. ఈ పుండుకేదన్నా పెట్టు” అంది తోమాసా.

ఆయన నీళ్ళు కాచి, పుండు కడిగి, తన చొక్కా అంచు చింపి కట్టు కట్టాడు. ఆ రోజు నుంచి ఊరు ఆయన్ని నమ్మింది. ఆయన యూనివర్సిటీ కొలువు వదులుకుని వాళ్ళ పాకల్లోనే ఉన్నాడు. వాళ్ళు పెట్టిన కర్రపెండలం, పులిసిన మీగడ తిన్నాడు. “నేను మిమ్మల్ని చదివి వెళ్ళిపోవడానికి రాలేదు, మనం కలిసి చదువుదాం. తెలిసింది మీకు పనికి రావాలి” అనేవాడు. చదువు రానివాళ్ళ కోసం బొమ్మలతో కరపత్రాలు వేయించాడు. రైతు సంఘం మీటింగుల్లో వెనక బెంచీ మీద కూర్చుని వినేవాడు.

ఆ రోజుల్లో ఊరి చుట్టూ ఉన్న నేలంతా ఎల్ పొర్వెనీర్ అనే పశువుల ఎస్టేట్‌ది. గడ్డి, ఆవులు, ముళ్ళతీగ కంచె తప్ప మరేమీ కనిపించేది కాదు. ఒక తెల్లవారుజామున సంఘం మనుషులు పిల్లాపాపలతో, గాడిదలతో, పలుగూపారలతో ఆ కంచె దాటి లోపలికి వెళ్ళి మొక్కజొన్న విత్తారు. పోలీసులు వచ్చి కొట్టారు, జైల్లో పెట్టారు. వదిలాక మళ్ళీ వెళ్ళారు. చివరికి ఆ నేలలో కొంత వాళ్ళకు దక్కింది. ఆ గొడవలన్నీ చల్లారక ముందే ఉబాల్దీనో జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత డాక్టర్ పుస్తకం వచ్చింది.

పుస్తకంలో ఆ తెల్లవారుజాము ఇలా ఉంది. అందరూ కంచె ముందు ఆగిపోయారు. ఎవరికీ ముందడుగు పడలేదు. అప్పుడు ఉబాల్దీనో వెనక్కి తిరిగి, “దొర ఆవు పడుకోవడానికి ఉన్నంత చోటు నా బిడ్డకు లేదు. నాకీ ఒక్క కారణం చాలు” అన్నాడు. అని తీగ కోశాడు.

ఆ మాట గోడల మీద రాశారు. సంఘం కార్డుల వెనక అచ్చు వేశారు. ఊళ్ళో స్కూలు కట్టినప్పుడు దానికి ఉబాల్దీనో పేరే పెట్టారు. ఎనేయిదాకు మాత్రం ఆ మాటలో ఒకే ముక్క ముఖ్యం. నా బిడ్డ. ఆ బిడ్డ తనే. తండ్రి ముఖం సరిగ్గా గుర్తులేదు, ఒక ఫోటో అయినా లేదు. ఉన్నదల్లా ఆ మాటే. మొగుడు వదిలేసి వెనెస్వెలా వెళ్ళిపోయినప్పుడు, కడుపులో బిడ్డ నిలవనప్పుడు, ఆమె కుట్టుమిషన్ తొక్కుతూ ఆ మాట లోపలే అనుకునేది. తన కోసం ఒకాయన కంచె కోశాడు. అంతకంటే ఏం కావాలి?

కంచె దాటి పాతికేళ్ళవుతున్నాయని సంఘం పండగ తలపెట్టిన ఏడాది, యోలీమా అనే పంతులమ్మ బొగొతా నుంచి వచ్చింది. చిన్న వయసు, పొట్టి జుట్టు. అదే యూనివర్సిటీలో, డాక్టర్ ఒకప్పుడు వదిలేసిన విభాగంలోనే పాఠాలు చెబుతుంది. చిన్న టేపురికార్డర్ కుట్టుమిషన్ పక్కన పెట్టి, ఆ తెల్లవారుజాము సంగతి చెప్పమంది. ఎనేయిదా ఎన్నోసార్లు చెప్పినట్టే చెప్పింది. యోలీమా టేపు ఆపేసింది.

“ఏమనుకోకండి అక్కా. ఇది పుస్తకంలో ఉన్నది. అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. నేనడిగింది మీరు చూసింది.”

“రెండూ ఒకటే కదా?”

“సరే. ఆ టైములో మీరెక్కడున్నారు?”

“మా నాన్న దగ్గర. దొర కుక్కలు మొరుగుతుంటే భయమేసి ఏడ్చాను. ఎత్తుకున్నాడు.”

“ఒక చేత్తోనా?”

“ఒక చేత్తో ఎట్లా ఎత్తుతాడు, తొమ్మిదేళ్ళదాన్ని? రెండు చేతులతోనూ. నా మోకాళ్ళ కింద ఒకటి, వీపు వెనక ఒకటి.” చెబుతూ ఎనేయిదా తన చేతులు అలాగే పెట్టి చూపించింది.

“మరి తీగ ఏ చేత్తో కోశారు అక్కా?”

ఎనేయిదా చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. అప్పటిదాకా ఆమె బుర్రలో రెండు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తండ్రి తీగ కోయడం, రెండోది తండ్రి మెడ దగ్గర చెమట వాసన, ఆయన భుజం మీదుగా కనిపిస్తున్న తల్లి ఆకుపచ్చ లంగా. ఆ లంగా ముందు ఉంది. అందరికంటే ముందు. తీగ టంగుమని తెగి వెనక్కి కొట్టుకున్న చప్పుడు ఆ లంగా వైపు నుంచే వచ్చింది. ఈ రెండూ ఒకే పొద్దున్న జరగడానికి వీల్లేదని ఆమెకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

పంతులమ్మ వెళ్ళగానే ఎనేయిదా పెరట్లోకి పోయింది. తల్లి పెత్రోనా పీట మీద కూర్చుని చేపలకు పొలుసు తీస్తోంది.

“అమ్మా, ఆ పొద్దున్న తీగ కోసిందెవరు?”

“మీ నాన్న.”

“నాన్న నన్నెత్తుకున్నాడు.”

“అయితే దించి కోసుంటాడు.”

“దించలేదు. నాకు తెలుసు, దించలేదు. నీ మోచేతి మీద ఆ పొడుగు గీత ఎక్కడిది?”

“చేప ముల్లు గీరింది.”

“అంత పొడుగా?”

“పెద్ద చేప.” పెత్రోనా తలెత్తలేదు. “పోయి ఆ యూనిఫారాల గుండీలు కుట్టు. ఊరికే ఉంటే ఇట్టాంటివే పుడతాయి బుర్రలో.”

ఎనేయిదా సంఘం పెద్ద ఎవుదేస్ దగ్గరికి వెళ్ళింది. ఆయన అరుగు మీద డొమినోలు ఆడుతున్నాడు. ఆమె అడిగింది విని, ముక్కలు బోర్లించి, ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు.

“చూడు నేయిదా. ఆ పుస్తకంలో ఒక్క ముక్క అబద్ధమని మన నోట్లోంచి వచ్చిందనుకో, దొర మనుషులు పుస్తకమంతా అబద్ధమంటారు. మేం జైల్లో ఉన్నది, మా తమ్ముడి పక్కటెముకలు విరిగింది, అంతా కట్టుకథే అంటారు.”

“అయితే ఆ ముక్క అబద్ధమేనా బాబాయ్?”

“నేనెప్పుడన్నాను?”

“నువ్వు అక్కడే ఉన్నావుగా.”

“వెనకున్నాను. గాడిద మొరాయించింది. నాకు గాడిదే కనిపించింది.”

పండగకు రెండు రోజుల ముందు డాక్టర్ లిసరాసో వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతిలో కర్ర. ఎప్పుడొచ్చినా ఎనేయిదా ఇంట్లోనే దిగేవాడు. పొద్దున్నే పెరట్లో మామిడి చెట్టు కింద చక్కెర దండిగా వేసిన కాఫీ ఇచ్చి, ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, తీగ ఎవరు కోశారని నేరుగానే అడిగేసింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. “ఆ పొద్దున నేను అక్కడ లేను నేయిదా” అన్నాడు.

“లేరా? ఉన్నట్టే రాశారుగా!”

“సంఘం వాళ్ళు రావద్దన్నారు. బొగొతా మొహం కనబడితే పోలీసులు ముందే పసిగడతారన్నారు. మధ్యాహ్నం వచ్చాను. తర్వాత ఒక్కొక్కర్నీ అడిగాను. కొందరు మీ అమ్మ అన్నారు. కొందరు మీ నాన్న అన్నారు. ఒకాయన తనే కోశానన్నాడు, ఆయన ఆ రోజు ఊళ్ళోనే లేడు. అప్పుడు మీ అమ్మనే అడిగాను. అప్పటికి మీ నాన్న పోయాడు. మీ అమ్మ ఏమందంటే, ‘బతికున్నదాని పేరు రాస్తే రేపు బతికున్నదాని కోసం వస్తారు. పోయినాయన పేరు రాయండి, ఆయన్నేం చేస్తారు?’ అంది.”

“అంటే అమ్మే కోసింది.”

“కోశానని నాతో అనలేదు. పేరు వద్దంది, అంతే. సంఘం వాళ్ళు కూడా మీ నాన్న పేరే రాయమన్నారు, వాళ్ళ కారణం వేరు. ఆడది ముందు నడిచిందంటే పక్క ఊళ్ళ మగవాళ్ళు నవ్వుతారు, మన వెనక రారు అన్నారు.”

“మీరు ఏ కారణానికి రాశారు?”

“మీ అమ్మ కోసమని చెప్పుకుంటూ వచ్చాను.” ఆయన కర్రతో నేల మీద ఏదో గీసి చెరిపాడు. “నిజంగా అదేనా అంటే చెప్పలేను. ఆ రోజుల్లో నాకు మీ నాన్నలాంటి మనిషి కావాలి. పోయిన రైతు, తక్కువ మాట్లాడినవాడు. నా క్లాసులో పిల్లలకు రెండు చెప్పేవాణ్ణి. మీరు ఎవరి పక్షమో దాచొద్దు. చూడనిదాన్ని చూసినట్టు రాయొద్దు. రెండూ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. ఆ పేజీ రాసేటప్పుడు మాత్రం రెండూ ఒక చోట ఇమడలేదు.”

“ఆ మాట ఉంది కదా. ఆవు మాట. అది ఎవరు చెబితే రాశారు?”

“అది నేను రాసింది.”

ఆమె లేచి, కాఫీ గిన్నె తీసుకుని, కడిగిన గిన్నెనే మళ్ళీ ఇసకేసి తోమడం మొదలుపెట్టింది. ఆయన లేచి దగ్గరికి రాబోయి ఆగిపోయాడు.

“మరి ఆ బిడ్డ?” అంది ఆమె తల తిప్పకుండా.

“నువ్వే. నేనిక్కడికి వచ్చిన కొత్తల్లో మీ ఇంట్లో పడుకున్నాను. నువ్వూ, మీ పిన్ని పిల్లలిద్దరూ ఒకే చాప మీద అడ్డంగా పడుకున్నారు. నీ కాళ్ళు చాప దాటి తడిమట్టి మీద ఉన్నాయి. కంచె అవతల ఆవులు కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాయి. అప్పుడు నాకు ఆ మాట తట్టింది. తెల్లారాక మీ నాన్నతో అన్నాను కూడా.”

“నాన్న ఏమన్నాడు?”

“‘అవును డాక్టర్’ అన్నాడు. నవ్వాడు.”

“నవ్వాడా? ఎట్లాంటి నవ్వు?”

“గుర్తులేదు నేయిదా.”

“అవును అన్నాడంటే సగం ఆయన మాటే కదా?”

“ఏమో. నేను అలా అనుకోవాలని చాలాసార్లు చూశాను.” తర్వాత ఆయన మెల్లగా అన్నాడు, “పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ఆ పేజీ ఏం చెయ్యమంటావో నువ్వు చెప్పు. తీసెయ్యమంటే తీసేస్తాను.”

“ఇప్పుడు నన్నడుగుతున్నారా? అప్పుడు అడిగారా?”

“అప్పుడు నువ్వు చిన్నదానివి.”

“ఇప్పుడు మాత్రం నాకేం తెలుసు?” అంది ఎనేయిదా. ఆ పూట ఆయనకు అన్నం పెట్టింది, చేప వేసింది, మాట మాత్రం కలపలేదు. కోపం వచ్చిందనుకుంది. తీరా చూస్తే అది కోపం కాదు. తన కాళ్ళు తడిమట్టి మీద ఉన్నాయని తండ్రి చూశాడో లేదో తెలియదు. ఈ పరాయి మనిషి చూశాడు. చూసి, ఆ చూపును తండ్రి పేర రాసి ఇచ్చాడు. దొంగతనమా, దానమా? ఆమెకు తేలలేదు.

పండగ స్కూలు ఆవరణలో జరిగింది. రంగు కాగితాల తోరణాలు కట్టారు, బ్యాండు వాళ్ళు బాకాలు తుడుచుకుంటున్నారు. ముందు వరసలో పెత్రోనా కొత్త గౌను వేసుకుని కూర్చుంది, పక్కన డాక్టర్. యోలీమా ఒక మూల నిలబడి టేపు పట్టుకుంది. ఏటా లాగే ఎనేయిదాను వేదిక ఎక్కించి తండ్రి మాట చెప్పమన్నారు.

“దొర ఆవు పడుకోవడానికి ఉన్నంత చోటు...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. జనం మిగతాది తామే అందుకుని పూర్తి చేశారు, చప్పట్లు కొట్టారు. ఆమె మైకు వదల్లేదు.

“ఆ మాట డాక్టర్ గారు రాశారట. తీగ కోసింది మా అమ్మ. నేను చూశాను. చూశాననే అనుకుంటున్నాను.”

“అబద్ధం!” పెత్రోనా కుర్చీలోంచి అరిచింది. “దానికి ఎండదెబ్బ తగిలింది. దింపండి దాన్ని!”

జనం గొల్లున నవ్వారు. డాక్టర్ కర్ర ఊతంతో లేచాడు. “ఎనేయిదా చెప్పింది నిజం. ఆ మాట నాది” అన్నాడు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ మాటను తాను కూడా సొంతం చేసుకున్నానని చెబుతున్నాడనుకున్నారు. “మాది కూడా డాక్టర్!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఎవుదేస్ చెయ్యి ఊపాడు, బ్యాండు మొదలైంది.

దిగి వస్తుంటే నికొలాసా అనే ముసలామె ఎనేయిదా చెయ్యి పట్టుకుంది. నికొలాసా ఆ పొద్దున కంచె దగ్గర ఉన్న మనిషి. “పిచ్చిపిల్లా, మీ నాన్న ఆ మాట అనలేదంటావేంటే? నా చెవులతో విన్నాను. గొంతు బొంగురుగా ఉంది ఆయనకు, జలుబు చేసి. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది” అంది. ఎనేయిదా ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడుతున్న ముఖం కాదు.

డాక్టర్ వెళ్ళేటప్పుడు ఎనేయిదా బస్సు దాకా సంచీ మోసింది. ఆయన ఏదో చెప్పబోయాడు. “వద్దులెండి, దుమ్ము రేగుతోంది, ఎక్కండి” అంది. బస్సు కదిలాక మాత్రం ఏదో ఒకటి చెప్పనిచ్చి ఉండాల్సింది అనుకుంది.

కొన్ని నెలలకు యోలీమా వ్యాసం ఒక పత్రికలో వచ్చింది. పెద్ద డాక్టర్ ఉద్యమం కోసం చరిత్రను మార్చాడని, ఆడవాళ్ళ చేతుల్లోంచి కత్తెర లాక్కుని చచ్చిన మగవాడి చేతిలో పెట్టాడని రాసింది. పెత్రోనాను ఆకాశానికెత్తింది. పేరు, ఊరు, అన్నీ ఉన్నాయి. దగ్గరి పట్నం మొంతెరియా రేడియోలో అందులో కొంత చదివారు. యోలీమా మంచి మనసుతోనే రాసింది, ఆమెకు తన పోరాటం ఉంది. ఆడవాళ్ళ పేర్లు పైకి తేవాలన్నది ఆమె పట్టుదల. కానీ పెత్రోనాను అడగలేదు.

అవి తుపాకులు పట్టుకున్న మనుషులు భూస్వాముల తరఫున ఊళ్ళు తిరుగుతున్న రోజులు. నది ఎగువన ఒక ఊళ్ళో సంఘం మనిషిని ఇంట్లోంచి లాక్కెళ్ళారు. రేడియో విన్న రోజున పెత్రోనా వీధి గదిలో తను పడుకునే ఊయల విప్పి, వెనక వంటపాకలో రెండు గుంజలకు కట్టుకుంది. వీధి తలుపుకు లోపలి నుంచి కొయ్య అడ్డం పెట్టింది.

“అమ్మా, ఇక్కడ పొగ. దోమలు.”

“ఇన్నేళ్ళూ వీధి గదిలో హాయిగా పడుకున్నాను. ఆ చలికొండల డాక్టర్ రాసిన అబద్ధం నాకు మంచం వేసింది. మీ నిజం వచ్చి దాన్ని లాగేసింది. నేనేం అడిగాను మిమ్మల్ని?”

“అయితే నువ్వే కోశావు.”

“నోర్మూసుకో.”

ఎనేయిదా మొంతెరియా వెళ్ళి యోలీమాకు ఫోన్ చేసింది. తిట్టాలనే వెళ్ళింది. అవతల ఆ పిల్ల ఏడ్చేసింది. “ఆమెకు న్యాయం చేశాననుకున్నానక్కా. ఇప్పుడేం చెయ్యను, తప్పని రాయనా?” అంది. ఎనేయిదా, “రాయకు. రాస్తే ఇంకోసారి పేరొస్తుంది” అని ఫోన్ పెట్టేసింది. తిరుగు బస్సులో కూర్చున్నాక, ఇన్ని నెలలూ డాక్టర్ మీద పెట్టుకుందామనుకున్న కోపం ఎక్కడ పెట్టాలో ఆమెకు అర్థం కాలేదు. వేదికెక్కి మొదట నోరు విప్పింది తనే కదా.

ఆ తుపాకుల మనుషులెవరూ రాలేదు. అంతే, ఏమీ జరగలేదు. ఎందుకు రాలేదో కూడా తెలియదు. పుస్తకం రెండో అచ్చు వచ్చింది. ఆ అధ్యాయం మొదట్లో డాక్టర్ “ఆ పొద్దున నేను అక్కడ లేను” అని ఒక వాక్యం చేర్చాడు. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే వదిలాడు, పెత్రోనా పేరు ఎక్కడా రాయలేదు. యూనివర్సిటీలో కొందరు ఆయన్ని పిరికివాడన్నారట. సంఘం వాళ్ళు ఆ ఒక్క వాక్యం చూసి అలిగి, కొన్నాళ్ళు పుస్తకాల కట్ట విప్పలేదు.

పెత్రోనా ఆ వంటపాకలోనే, గుండె ఆగి, నిద్రలో పోయింది. ఎవుదేస్ సంఘం జెండా పట్టుకుని వచ్చాడు, శవపెట్టె మీద కప్పాలని. “వదినకు ఇదైనా చెయ్యనీ నేయిదా. మాకు తెలియదనుకున్నావా?” అన్నాడు.

“తెలిస్తే గాడిద కనిపించిందంటివేం బాబాయ్?”

ఎవుదేస్ కళ్ళు దించుకున్నాడు. “గాడిద కూడా ఉంది” అన్నాడు.

జెండా వద్దని పెత్రోనా ఎన్నడో చెప్పి ఉంచింది. గోడల మీద పేరు, పెట్టె మీద గుడ్డ, రెండూ తనకు అసహ్యమని. ఎనేయిదా జెండా చేతిలో పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడింది. బయట జనం ఎండలో ఎదురుచూస్తున్నారు. చివరికి ఇంటి నుంచి చర్చి దాకా కప్పనిచ్చింది. శ్మశానం గేటు దగ్గర తనే తీసేసి మడిచింది. సంఘం వాళ్ళకు మనసు కష్టపెట్టుకోవడానికి అదొక కారణమైంది. పెత్రోనా చెల్లెళ్ళు అసలు కప్పనివ్వడమే తప్పన్నారు.

తర్వాత కూడా అప్పుడప్పుడు చదువుకునే పిల్లలు టేపులు పట్టుకుని వస్తుండేవారు. తీగ ఎవరు కోశారని అడిగేవారు. ఎనేయిదా మిషన్ ఆపి, “మీరు ఎవరి తరఫున వచ్చారు?” అని అడిగేది. కొందరికి తాగడానికి నిమ్మరసం ఇచ్చి పంపేది. కొందరిని కూర్చోబెట్టి మొత్తం చెప్పేది. నాన్న చేతులు, అమ్మ లంగా, డాక్టర్ చాప, నికొలాసా చెవులు, అన్నీ. ఎవరికి ఏది చెప్పాలో ఎట్లా తేల్చుకునేదో ఆమెకే సరిగ్గా తెలియదు.